పుర్రె తెరవకుండా మెదడు లోతుకు

1958లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న పరిశోధన వ్యాసం వచ్చింది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఫ్రై సోదరులు విలియం, ఫ్రాన్సిస్ తమ సహచరుడు హార్లో ఏడ్స్‌తో కలిసి రాసినదది. పిల్లి కంట్లో వెలుగు మెరిపిస్తే, చూపును గ్రహించే మెదడు పైపొరలో, తల వెనక భాగాన, ఒక విద్యుత్ స్పందన పుడుతుంది. కంటి నుంచి అక్కడికి వెళ్లే దారిలో థాలమస్ వెనక అంచున లాటరల్ జెనిక్యులేట్ న్యూక్లియస్ అనే చిన్న మజిలీ ఉంది. ఫ్రై బృందం చెవికి అందని శబ్దతరంగాలను సరిగ్గా ఆ మజిలీ మీద కేంద్రీకరించింది. వెలుగు మెరుస్తూనే ఉంది, కానీ పైపొరలో స్పందన పడిపోయింది. శబ్దం ఆపాక కొంతసేపటికి మళ్లీ యథాస్థితికి వచ్చింది. మెదడు లోతున ఉన్న ఒక భాగాన్ని కత్తి పెట్టకుండా, తీగ దింపకుండా కాసేపు అణచి, తిరిగి వదిలిపెట్టవచ్చని చూపిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి.

ఒక్క అడ్డంకి మాత్రం మిగిలిపోయింది. శబ్దం లోపలికి పోవడానికి ఆ పిల్లి పుర్రె ఎముకను కొంత తొలగించాల్సి వచ్చింది.

ఇది ఒక స్మారకోపన్యాసం. దీన్ని నెలకొల్పిన కుటుంబం వక్తల ముందు పెట్టే షరతు ఒకటే. కొత్త వైద్యం గురించి మాట్లాడేటప్పుడు రుజువైనదేదో, ఇంకా కానిదేదో విడదీసి చెప్పాలి. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌తో, అంటే చెవికి అందని శబ్దాన్ని ఇలా ఒకచోట కేంద్రీకరించి, మెదడును ఉత్తేజపరిచే విద్యకు ఆ షరతు ఇప్పుడు అన్నిటికన్నా అవసరం. ఈ విద్య కల కాదు, మనుషుల మీద పనిచేస్తున్న మాట నిజం. అలాగని ఇది ఇంకా చికిత్స కూడా కాదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని ఎంత నిజాయితీగా కొలుస్తారన్న దాని మీదే దీని భవిష్యత్తు ఆధారపడి ఉంది.

అసలు లోతుకు ఎందుకు వెళ్లాలి? పార్కిన్సన్స్ జబ్బులో గాడి తప్పే కేంద్రాలు, చేతివణుకును నడిపించే థాలమస్, భయాన్ని మోసే అమిగ్డలా, వ్యసనంలో తహతహను రగిలించే న్యూక్లియస్ అక్యుంబెన్స్, ఇవన్నీ పుర్రె నుంచి కొన్ని సెంటీమీటర్ల లోపల ఉంటాయి. వాటిని చేరే దారి ఇన్నాళ్లూ ప్రధానంగా ఒకటే. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయీ బెనబిద్ రూపుదిద్దిన డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ పద్ధతిలో పుర్రెకు రంధ్రం చేసి సన్నని ఎలక్ట్రోడ్ తీగను లోపలికి దింపుతారు. ఛాతీ చర్మం కింద బ్యాటరీ అమర్చుతారు. హైదరాబాద్‌లో కూడా ఈ శస్త్రచికిత్స ఏళ్ల తరబడి జరుగుతోంది. ఎంతోమందికి మళ్లీ నడకనూ, చేతి పట్టునూ ఇచ్చింది. కానీ లక్షల రూపాయల ఖర్చు, రక్తస్రావం భయం, ఇన్ఫెక్షన్ భయం, బ్యాటరీ మార్పిడి, వీటితో అది అందరికీ అందేది కాదు. పైగా, ఫలానా కేంద్రాన్ని కదిలిస్తే ఈ మనిషికి మేలు జరుగుతుందా అని ముందుగా పరీక్షించి చూసే వీలు అందులో లేదు. తీగ దింపాకే తెలుస్తుంది.

1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం అయస్కాంత తరంగాలతో పుర్రె బయటి నుంచే మెదడును ఉత్తేజపరిచి చూపింది. ఇవాళ డిప్రెషన్‌కు వాడుతున్న టీఎంఎస్ అక్కడి నుంచి వచ్చిందే. అయితే దాని ప్రభావం పైపొరలోనే, రెండు మూడు సెంటీమీటర్లలోపే, చాలావరకు సమసిపోతుంది. ఇంకా లోతుకు పోవాలని బలం పెంచితే దారిలో ఉన్న పైభాగమంతా దానికి లోనవుతుంది. తల మీద అతికించిన ఎలక్ట్రోడ్ల ద్వారా పంపే కరెంటు మరీ విస్తారంగా పరుచుకుంటుంది. లోతు, సూటి రెండూ కావాలంటే మిగిలింది శబ్దమే.

శబ్దంతో శరీరాన్ని కదిలించవచ్చన్న సంగతి యుద్ధంలో బయటపడింది. 1880లో పియేర్, జాక్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్ లాంజవాన్ ఆ స్ఫటికాలనే తిరగేసి వాడి, జలాంతర్గాములను పసిగట్టడానికి నీళ్లలోకి తీవ్రమైన అల్ట్రాసౌండ్ పంపారు. ఆ కిరణం దారిలో పడిన చేపలు చచ్చి తేలాయి. 1929లో న్యూటన్ హార్వీ కప్ప, తాబేలు కండరాలు అల్ట్రాసౌండ్‌కు స్పందిస్తాయని చూపారు. విలియం ఫ్రై కూడా రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో నీటి అడుగు శబ్దాల మీద పనిచేసి, ఆ అనుభవంతోనే మెదడు వైపు మళ్లారు. 1950ల చివర ఐయోవా విశ్వవిద్యాలయంలో న్యూరోసర్జన్ రసెల్ మేయర్స్‌తో కలిసి, పుర్రె తెరిచి, పార్కిన్సన్స్ రోగులకు అల్ట్రాసౌండ్‌తో చికిత్స కూడా చేశారు. 1960ల చివరకు లెవోడోపా మందు రావడంతో శస్త్రచికిత్స మీద ఆసక్తి తగ్గింది. ఫ్రై 1968లో కన్నుమూశారు.

మిగిలిపోయిన సమస్య పుర్రె. మెదడు కణజాలంలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో పోతుంది. గర్భిణుల స్కానింగ్‌లో వాడే తరంగాల పౌనఃపున్యం కొన్ని మెగాహెర్ట్జ్‌లు, తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులోపే. అందుకే శిశువు బొమ్మ స్పష్టంగా వస్తుంది. అదే తరంగాన్ని పెద్దవాళ్ల పుర్రె మీదికి పంపితే ఎముక చాలా భాగాన్ని మింగేస్తుంది, కొంత వెనక్కి తిప్పికొడుతుంది, మిగిలినదాన్ని చెదరగొడుతుంది. పౌనఃపున్యాన్ని 500 కిలోహెర్ట్జ్‌కు దించితే శబ్దం ఎముకను మెరుగ్గా దాటుతుంది, కానీ తరంగదైర్ఘ్యం 3 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, కేంద్రబిందువు అంత లావెక్కుతుంది. 250కి దించితే 6 మిల్లీమీటర్లు. చొరబాటు కావాలంటే సూటి వదులుకోవాలి, సూటి కావాలంటే చొరబాటు వదులుకోవాలి. మనుషుల మీద జరిగే ప్రయోగాలు ఎక్కువగా 200 నుంచి 700 కిలోహెర్ట్జ్ మధ్యనే ఆగడానికి కారణం ఇదే.

ఇంకో చిక్కు ఉంది. ఎముకలో శబ్దం మెదడులో కన్నా దాదాపు రెట్టింపు వేగంతో పోతుంది. పుర్రె మందం చోటుచోటుకూ మారుతుంది, మనిషి మనిషికీ మారుతుంది. కాబట్టి వేర్వేరు చోట్ల దాటిన తరంగాలు ఒకేసారి లక్ష్యాన్ని చేరవు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రిలో కుల్లెర్వో హైనినెన్, ఫెరెంక్ యోలెస్ తదితరులు దీనికి దారి చూపించారు. శబ్దం పుట్టించే ఒకే పెద్ద వనరుకు బదులు తల చుట్టూ వందలాది చిన్న వనరులు అమర్చి, ఆ మనిషి సీటీ స్కాన్‌లో ఎముక మందం చూసి, ఒక్కో వనరు ఎప్పుడు మోగాలో విడివిడిగా లెక్కగట్టాలి. కొండ మీది గుడికి వేర్వేరు దారుల్లో బయల్దేరిన భక్తులంతా హారతి వేళకు ఒకేసారి చేరాలంటే, దూరపు దారివాళ్లు ముందు కదలాలి, దగ్గరి దారివాళ్లు ఆగి బయల్దేరాలి. ఇక్కడ ఆ తేడా సెకనులో కొన్ని లక్షల వంతుల్లో ఉంటుంది.

ఈ పరికరం మొదట చికిత్సగా నిలబడింది ఉత్తేజపరచడంలో కాదు, కాల్చడంలో. జనం తరచూ ఈ రెండిటినీ కలిపేస్తారు. అర్ధగోళాకారపు హెల్మెట్‌లో 1,024 వనరులు, 650 కిలోహెర్ట్జ్ శబ్దం. రోగి తల నున్నగా గొరిగి, చట్రం బిగించి, ఎమ్మారై యంత్రంలో పడుకోబెడతారు. నెత్తిమీద ఎముక వేడెక్కకుండా చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. రోగి మెలకువగానే ఉంటాడు. శబ్దం పంపడానికీ పంపడానికీ మధ్య కాగితం మీద సర్పిలాకారం గీయిస్తారు. వంకరటింకరగా పోయిన గీత, థాలమస్‌లోని చిన్న చుక్క 55 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కాక, నున్నగా తిరుగుతుంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో జెఫ్ ఇలయాస్ నడిపిన పరీక్ష 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్న 76 మందిలో నిజమైన చికిత్స పొందినవారి చేతివణుకు మూడు నెలలకు 47 శాతం తగ్గింది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో మార్పు దాదాపు సున్నా. ఏడాది తర్వాత కూడా 14 శాతం మందికి తిమ్మిరి, 9 శాతం మందికి నడకలో తడబాటు మిగిలాయి. అదే ఏడాది అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. ఎసెన్షియల్ ట్రెమర్‌కు ఇది నిజమైన, రుజువైన వైద్యం. కానీ కాలిన చుక్క మళ్లీ బతకదు.

ఉత్తేజపరిచే పద్ధతి వేరు. ఇందులో తీవ్రత బాగా తక్కువ. చిన్న చిన్న తునకలుగా, మధ్యలో విరామాలిస్తూ శబ్దం పంపుతారు. వేడి పుట్టకూడదు, కణజాలం చెడకూడదు. 2008లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియం టైలర్ బృందం గిన్నెలో బతికించి ఉంచిన చిట్టెలుక హిప్పోక్యాంపస్ ముక్కల్లో నాడీకణాలు తక్కువ తీవ్రత అల్ట్రాసౌండ్‌కు మేల్కొంటాయని చూపింది. 2010లో అదే బృందం బతికున్న చిట్టెలుకల మెదడులో కదలికల ప్రాంతాన్ని పుర్రె మీదుగా తాకితే కాళ్లు కదిలాయి. 2014లో వర్జీనియా టెక్‌లో విన్ లెగాన్, టైలర్ తదితరులు మనుషుల స్పర్శ ప్రాంతం మీద శబ్దం పంపినప్పుడు, చేతి నరాన్ని తట్టితే పుట్టే స్పందన తగ్గింది. పక్కపక్కనే ఉన్న రెండు మొనలను వేరుగా గుర్తించే శక్తి మాత్రం పెరిగింది. 2019లో ఆక్స్‌ఫర్డ్‌లో కోతుల మీద మరో సంగతి తేలింది. 40 సెకన్ల శబ్దం ఇచ్చి ఆపేస్తే, ఆ భాగానికి మిగతా మెదడుతో ఉన్న అనుసంధానంలో వచ్చిన మార్పు రెండు గంటల వరకు ఉంది. అమిగ్డలా వంటి లోతైన భాగాల్లోనూ ఇలాంటి మార్పు చూడగలిగారు.

ఇంత ఉత్సాహం మధ్య 2018లో వచ్చిన రెండు వ్యాసాలు ఈ రంగాన్ని ఆపి నిలదీశాయి. రెండూ ‘న్యూరాన్’ పత్రికలో ఒకేసారి వెలువడ్డాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హ్యూబర్ట్ లిమ్ బృందం గినీపిగ్‌ల మీద, కాల్‌టెక్‌లో మిఖాయిల్ షాపిరో, డోరిస్ సావ్ బృందాలు చిట్టెలుకల మీద పనిచేశాయి. శబ్దాన్ని ఏ చోటికి గురిపెట్టినా మెదడులో వినికిడి ప్రాంతం మెరుస్తోంది. గినీపిగ్ వినికిడి నరాన్ని కోసేస్తే, లేదా లోపలి చెవిలోని ద్రవాన్ని తీసేస్తే, శబ్దం పుట్టించిన ఆ స్పందన మాయమైంది. చిట్టెలుకలను చెవిటివిగా చేస్తే కాళ్ల కదలికలు బాగా తగ్గాయి. అంటే అంతకుముందు చూసిన కదలికల్లో కొన్ని, శబ్దానికి ఉలిక్కిపడ్డ కదలికలే కావచ్చు!

వినిపించని శబ్దం ఎలా వినిపించింది? 500 కిలోహెర్ట్జ్ తరంగం చెవికి అందదు. కానీ దాన్ని సెకనుకు వెయ్యిసార్లు వెలిగించి ఆర్పితే, ఆ వెలగడం ఆరడం ఎముక ద్వారా లోపలి చెవికి చేరి కీచుమని వినిపిస్తుంది. ఇంత తేలికైన సంగతి పదేళ్లపాటు పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఈ రంగం గౌరవం నిలిచింది ఆ తర్వాత ఏం జరిగిందన్న దాని మీద. ఎవరూ ఆ వ్యాసాలను కప్పిపుచ్చలేదు, ఎవరూ దుకాణం కట్టేయలేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో పుట్టుకతో చెవిటివైన చిట్టెలుకల్లో కూడా కదలికలు వస్తాయని చూపారు. శబ్దపు తునకల అంచులను నున్నగా చెక్కితే వినికిడి స్పందన పోతుందని, కదలిక మాత్రం ఉంటుందని కూడా తేల్చారు. మనుషుల ప్రయోగాల్లో చెవుల్లో కప్పిపుచ్చే ధ్వని వినిపించడం, లక్ష్యం కాని మరో భాగం మీద అదే శబ్దం పంపి పోల్చడం అలవాటయ్యాయి. 2022లో అదే షాపిరో ప్రయోగశాల, గిన్నెలో పెంచిన నాడీకణాల్లో చెవి జోక్యమే లేని చోట, శబ్దపు ఒత్తిడికి కణపొరలోని కొన్ని కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయని, వాటివల్లే కణం మేల్కొంటుందని వివరించింది. సందేహం లేవనెత్తినవాళ్లే జవాబు వెతకడం కన్నా విజ్ఞానంలో మంచి లక్షణం లేదు.

కణపొరలోని ఈ ద్వారాల కథలో శ్రీకాంత్ చలసాని పేరు ముఖ్యం. కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన బృందం 2015లో ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగులో, ఎంచుకున్న నాడీకణాల్లో ఒత్తిడిని పసిగట్టే ప్రోటీన్‌ను పుట్టించి, వాటిని మాత్రమే అల్ట్రాసౌండ్‌తో నడిపించింది. ఈ పద్ధతికి సోనోజెనెటిక్స్ అని పేరు. 2022లో చిట్టెలుక మెదడు కణాల్లో ఒక మానవ ప్రోటీన్‌ను పెట్టి, శబ్దంతో కాళ్లు కదిలించింది. జన్యువును చొప్పించాలి కాబట్టి మనుషులకు ఇది ఇప్పట్లో రాదు. అయినా శబ్దం ఏ కణాన్ని తాకుతుందో, ఏది స్పందిస్తుందో విడదీసి తెలుసుకోవడానికి ఇంతకన్నా శుభ్రమైన దారి కనిపించదు.

ఇక మనిషి మెదడు లోతు. 2025 సెప్టెంబరులో యూనివర్సిటీ కాలేజ్ లండన్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో ప్రచురించిన పరికరం దగ్గర కాస్త ఆగాలి. 256 వనరుల హెల్మెట్, తల కదలకుండా ఆ మనిషి ముఖానికే పోతపోసిన ప్లాస్టిక్ తొడుగు, చుట్టూ ఎమ్మారై. మామూలు అల్ట్రాసౌండ్ కన్నా వెయ్యిరెట్లు, అంతకుముందు మెదడు లోతుకు వాడిన పరికరాల కన్నా ముప్పై రెట్లు చిన్న చోటును తాకగలదని వారి లెక్క. ఏడుగురి మీద పరీక్షించారు. వారు ఎంచుకున్న లక్ష్యం ఫ్రై సోదరులు పిల్లిలో ఎంచుకున్న అదే లాటరల్ జెనిక్యులేట్ న్యూక్లియస్. కారణం స్పష్టం. చూపు దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఏ సందేహమూ లేకుండా తెలుసు, మజిలీని తాకితే ఫలితం ఎక్కడ కనిపించాలో ముందే చెప్పవచ్చు. గళ్ల బొమ్మ చూస్తున్నప్పుడు శబ్దం పంపితే చూపు పొరలో చురుకుదనం పెరిగింది. వేరే లయలో పంపితే, ఆపేశాక కనీసం 40 నిమిషాలపాటు ఆ చురుకుదనం తగ్గి ఉంది. పాల్గొన్నవారికి తమ చూపులో ఏ తేడా తెలియలేదు. శస్త్రచికిత్స లేకుండా, మనిషి మెదడు లోతున ఒక చిన్న కేంద్రాన్ని కదిలించి, దాని ఫలితం దారి చివర కనిపించిందని ఇంత శుభ్రంగా చూపిన పని అరుదు. ఈ ఉపన్యాసానికి కావలసిన ‘రుజువైనది’ అంటే ఇదే. అయితే ఆ ఏడుగురూ రోగులు కారని మరవకూడదు.

రోగుల వైపు వస్తే అడుగులు ఇంకా తడబడుతున్నాయి. 2016లో యూసీఎల్‌ఏలో మార్టిన్ మాంటీ బృందం కోమా నుంచి పూర్తిగా తేరుకోని 25 ఏళ్ల యువకుడి థాలమస్ మీద శబ్దం పంపింది. మర్నాటి నుంచి అతనిలో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. కానీ గాయమై అప్పటికి మూడు వారాలైనా కాలేదు. ఆ దశలో తమంతట తాము కోలుకునేవారూ ఉంటారు. అది కాకతాళీయం కావచ్చని పరిశోధకులే హెచ్చరించారు. ఒక్క మనిషి కథ ఎంత కదిలించినా రుజువు కాదు. యూటా విశ్వవిద్యాలయంలో యాన్ కుబానెక్ బృందం దీర్ఘకాలపు నొప్పితో బాధపడుతున్న 20 మందికి మెదడు మధ్యగోడలోని యాంటీరియర్ సింగులేట్ భాగం మీద ఒకసారి నిజమైన శబ్దం, ఒకసారి ఉత్తుత్తి శబ్దం ఇచ్చింది. నిజమైన శబ్దం తర్వాత 60 శాతం మంది, ఉత్తుత్తి తర్వాత 15 శాతం మంది గట్టి ఊరట కలిగిందన్నారు. ఇది ఆశపడదగ్గ ఫలితం, కానీ 20 మందే. వెస్ట్ వర్జీనియాలో అలీ రెజాయ్ బృందం తీవ్రమైన ఓపియాయిడ్ వ్యసనంలో చిక్కుకున్న 8 మందికి న్యూక్లియస్ అక్యుంబెన్స్ మీద శబ్దం పంపితే తహతహ తగ్గింది. అక్కడ ఉత్తుత్తి చికిత్సతో పోలిక లేదు. ఒక పెద్ద ఎమ్మారై యంత్రం, తలకు హెల్మెట్, చుట్టూ డాక్టర్ల బృందం, ఇంత హంగామా చూసిన మెదడు తనంతట తానే కొంత కోలుకుంటుంది. ఆ కొంత ఎంతో తీసివేయకుండా మిగిలింది ఎంతో చెప్పలేం.

తెలియాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఏ లయ ఉత్తేజపరుస్తుంది, ఏది అణచివేస్తుంది అన్నదాని మీద పక్కా సూత్రం లేదు. ప్రభావం గంటలు దాటి రోజులు నిలవాలంటే ఎన్నిసార్లు ఇవ్వాలో తేలలేదు. ఎముక సాంద్రత తక్కువున్నవారి పుర్రె గుండా శబ్దం ఎంత చేరుతుందన్నది లెక్కలతో ఊహించేదే, లోపల కొలిచి చూసేది కాదు. భద్రత సంగతి మాత్రం కొంత నయం. ఇట్రస్ట్ అనే అంతర్జాతీయ నిపుణుల కూటమి పరిమితులు సూచించింది. కణజాలం 2 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు, బుడగలు పుట్టించి కణాలను చీల్చే ముప్పును కొలిచే మెకానికల్ ఇండెక్స్ 1.9 దాటకూడదు. మామూలు స్కానింగ్ యంత్రాలకు ఎఫ్‌డీఏ పెట్టిన హద్దు కూడా ఆ 1.9యే. ఈ హద్దుల్లో పనిచేసిన మానవ ప్రయోగాల్లో ఇంతవరకు తలనొప్పి, నిద్రమత్తు వంటి చిన్న ఇబ్బందులే ఎక్కువగా కనిపించాయి. అయితే భయాన్నీ, కోరికనూ నడిపే కేంద్రాలను పదేపదే కదిలిస్తే మనిషి స్వభావం మీద ఏళ్ల తరబడి ఏం జరుగుతుందో తలనొప్పుల లెక్క చెప్పదు. దానికి ఏళ్లే కావాలి.

ఇవన్నీ తేలకముందే తొందర మొదలవుతుంది. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు, పార్కిన్సన్స్ తండ్రిని మోస్తున్న కొడుకులు, డిప్రెషన్‌తో అలసిపోయిన యువత, వీళ్ల దగ్గర ‘కోత లేదు, నొప్పి లేదు’ అన్న మాట ఎంత త్వరగా డబ్బుగా మారుతుందో వైద్యరంగంలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. ఎసెన్షియల్ ట్రెమర్‌కు అనుమతి ఉన్న కాల్చే చికిత్సను చూపించి, అనుమతి లేని ఉత్తేజాన్ని అమ్మడం తేలిక. రెండిటికీ హెల్మెట్ ఒకేలా కనిపిస్తుంది.

మన దేశంలో కొత్త చికిత్సలను మనుషుల మీద పరీక్షించేవారు ఆ ప్రయోగాన్ని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు చేయించాలి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీలో నమోదైన ప్రతి పరీక్షకూ సీటీఆర్ఐ అన్న అక్షరాలతో మొదలయ్యే ఒక నంబరు ఉంటుంది. దాన్ని ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం పరిశోధన కోసం అదనంగా అయ్యే ఖర్చును పాల్గొనే వ్యక్తి నుంచి వసూలు చేయకూడదు. సమ్మతి పత్రం ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే తెలుగువారికి తెలుగులో. కాబట్టి ఎవరైనా మెదడు లోతును శబ్దంతో ఉత్తేజపరుస్తామని చెబితే, ఇంటివాళ్లు అక్కడే మూడు ప్రశ్నలు అడగాలి. సీటీఆర్ఐ నంబరు ఎంత? ఉత్తుత్తి చికిత్స పొందే బృందం ఉందా? ఈ పరీక్షకు మా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు?